కొబ్బరికాయ, అమ్మమ్మ గంప, సిరిమాను: యానిమేషన్ తరగతిలో నా ఏడాది

చంపావతి_గట్టు
ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. డిగ్రీ రెండో సంవత్సరం ఇప్పుడే పూర్తయింది. మా కోర్సులో డిజిటల్ యానిమేషన్ ఒక పేపరు. రాతపరీక్ష నామమాత్రం, మార్కులన్నీ ప్రాజెక్టుల మీదే. ఏడాదిలో నాలుగు చేయించారు. మొన్న ఆఖరిది అప్పజెప్పి ఇంటికి వచ్చాక మొదటి ప్రాజెక్టు తీసి మళ్లీ చూశాను. పది సెకన్లు కూడా లేని ఆ ముక్క చూస్తుంటే ఏడాది పొడుగునా నేను చేసిన తప్పు ఒక్కటేనని తెలిసింది. బొమ్మ బాగానే కుదిరేది. బరువు కుదిరేది కాదు.

మొదటి ప్రాజెక్టు ఏదైనా ఒక వస్తువు కింద పడటం. క్లాసులో అందరూ బంతి తీసుకున్నారు. మా పెరట్లో కొబ్బరిచెట్టు ఉంది కాబట్టి నేను కొబ్బరికాయ తీసుకున్నాను. కాయ మీది పీచు, ముచ్చిక, చెట్టు మానుకు ఉండే వలయాలు, అన్నీ మూడు రోజులు కూర్చుని దిద్దాను. పడటానికి మాత్రం 12 ఫ్రేములు ఇచ్చాను. ఫ్రేము అంటే కదలికలో ఒక్కో బొమ్మ. సెకనుకు 24 ఫ్రేములు, అరసెకను సరిపోతుందిలే అనుకున్నాను. ఆడించి చూస్తే అది చెట్టులా లేదు, బల్ల మీద పెట్టిన బొమ్మలా ఉంది. గీతల్లో తప్పు వెతికాను, రంగులు మార్చాను, నీడ వేశాను. ఏం చేసినా అంతే. మా మేడం చూసి, "మీ చెట్టు ఎత్తెంత?" అని అడిగారు. మేడ కంటే ఎత్తండి అన్నాను. "తొడిమ ఊడాక నేలను తాకేదాకా ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా గమనించావా?" అన్నారు.

కాయలు దింపే అతను వచ్చిన రోజున ఫోను పట్టుకుని దూరంగా నిలబడ్డాను. తీసిన వీడియోను ఒక్కో ఫ్రేమూ జరిపి లెక్కపెడితే సెకనున్నర దాటింది. నేను ఇచ్చినదానికి మూడింతలు! ఇంకో సంగతి కూడా అప్పుడే కళ్లబడింది. కాయ బంతిలా పైకి లేవదు. దబ్బున పడి, ఒక పక్కకు ఒరిగి, ఉన్నచోటనే రెండుసార్లు ఊగి ఆగుతుంది. ఆ చివరి ఊగు పెట్టాకనే నా కాయలో నీళ్లు ఉన్నట్టు అనిపించింది.

రెండోది నడక. పుస్తకాల్లో ఉండే పద్ధతి నాలుగు భంగిమలు: మడమ నేలను తాకడం, ఒంటి బరువు ఆ కాలి మీద పడి మనిషి కిందికి దిగడం, రెండో కాలు పక్కనుంచి దాటడం, మునివేళ్ల మీద పైకి లేవడం. అడుగుకు 12 ఫ్రేములు. ఈ నడకలో తల అలలాగా పైకీ కిందికీ కదులుతుంది. నేను మా అమ్మమ్మను గీయాలనుకున్నాను. ఆవిడది నెల్లిమర్ల దగ్గర పల్లె. ముప్పై ఏళ్లు కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని మార్కెట్టుకు వచ్చిన మనిషి. పుస్తకంలోని నడక వేసి దాని తల మీద గంప పెట్టాను. గంప కూడా అలలాగా ఎగిరింది, ఖాళీ అట్టపెట్టె మోస్తున్నట్టు.

అమ్మమ్మను ఒకసారి నడిచి చూపించమన్నాను. పాత చీర ముక్క చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుని, మామయ్య చేత గంప ఎత్తించుకుని వీధి చివరిదాకా నడిచింది. ఫోను అరుగు మీద కదలకుండా నిలబెట్టి తీశాను. తర్వాత కంప్యూటర్లో గంప అంచుకు ఆనించి అడ్డంగా ఒక గీత గీశాను. నడిచినంత దూరమూ అంచు ఆ గీతను దాదాపు దాటనే లేదు. కదలికంతా దాని కింద ఉంది. మోకాళ్లు పూర్తిగా చాపుకోవు. అడుగు చిన్నది, 9 ఫ్రేములకే పడిపోతుంది. నడుము పక్కకు జరిగి మళ్లీ సర్దుకుంటుంది. ఒక చెయ్యి గంప మీద ఉంటుంది, రెండోదే ఊగుతుంది. బరువు మోసేది తల అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ తల కదలకుండా ఉండటానికి మిగతా ఒళ్లంతా పడే పాటు గీయాలి, అప్పుడే బరువు కనబడుతుంది. ఆవిడ ముప్పై ఏళ్లు ఆ పని చేసిందని తెలుసు గాని, ఆ పని ఏమిటో ఆ రోజే చూశాను.

మూడోది నలుగురం కలిసి చేసిన మాటల ప్రాజెక్టు. ఏ శబ్దానికి నోరు ఎలా ఉండాలో చూపే ఇంగ్లిషు పట్టిక చూసి తెలుగు మాటలకు పెదవులు కదిపాం, అతకలేదు. సమయం అయిపోయి అలాగే ఇచ్చేశాం.

నాలుగోది మన ఊరికి సంబంధించిన పది సెకన్ల దృశ్యం. నేను పైడితల్లి అమ్మవారి సిరిమాను ఎంచుకున్నాను, పండగ రోజున పూజారిని కొసన కూర్చోబెట్టి బండి మీద ఊరేగించే పొడుగాటి మాను అది. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మాను, బండి, కొసన ఆసనం, వెనక కోట తయారు చేశాను. పది సెకన్లంటే 240 ఫ్రేములు, వాటిని కంప్యూటర్ పూర్తి బొమ్మలుగా తయారు చేయడానికి (రెండర్) మా ల్యాప్‌టాప్‌లో ఫ్రేముకు రెండు నిమిషాలు, మొత్తం ఎనిమిది గంటలు. రాత్రి పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పాడైంది. లేచి చూస్తే సగంలో తెగిన వీడియో ఫైలు, తెరుచుకోదు. మళ్లీ చేసి ఇచ్చాను, మంచి మార్కులే వచ్చాయి. నాకు మాత్రం తృప్తి లేదు. నా సిరిమాను సిరిమానులా లేదు, అగ్గిపెట్టె మీద నిలబెట్టిన పెన్సిల్‌లా ఉంది. కొబ్బరికాయ దగ్గర చేసిన తప్పే మళ్లీ చేస్తున్నానని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు. దయచేసి చెప్పండి.

నాగావళి_తీరం
ఆదివారం, రాత్రి 10.15

అక్కా, మాది శ్రీకాకుళం, ఇంటర్ రెండో ఏడు. గంప అంచుకు గీత గీయడం చదివి ఇప్పుడే మా ఇంట్లో చెల్లిని బిందెతో నడిపించి చూశాను. నిజమే, బిందె కదలదు! నా దగ్గర 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటే ఉంది. దాంతో మొదలుపెట్టవచ్చా, ఇంకొంచెం డబ్బు కూడేదాకా ఆగాలా?

లెక్కల_మాస్టారు
సోమవారం, ఉదయం 6.20

అమ్మాయీ, నీ కొబ్బరికాయ నాకు ఎంతో నచ్చింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, పడే వస్తువు లెక్క నల్లబల్ల మీద వేసినప్పుడు పిల్లల ముఖాల్లో ఈ ఉత్సాహం నేను చూడలేదు.

జారవిడిచిన వస్తువు మొదటి అరసెకనులో సుమారు 1.2 మీటర్లు పడుతుంది, అంటే నాలుగు అడుగులు. నువ్వు 12 ఫ్రేములు ఇచ్చావు కాబట్టి నీ చెట్టు ఎత్తు నాలుగు అడుగులని చూసేవాడి కన్ను లెక్క కట్టేసింది. వాడికి సూత్రం తెలియకపోయినా కన్నుకు తెలుసు. నలభై అడుగుల చెట్టయితే 37, 38 ఫ్రేములు కావాలి. నీ ఫోను చెప్పిన సెకనున్నర సరిగ్గా అదే.

ఫ్రేముల మధ్య దూరం కూడా చూసుకో. పడే కాలాన్ని నాలుగు సమాన భాగాలు చేస్తే, ఆ భాగాల్లో పడే దూరాలు 1, 3, 5, 7 చొప్పున ఉంటాయి. నలభై అడుగుల్లో మొదటి భాగంలో రెండున్నర అడుగులు, తర్వాత ఏడున్నర, పన్నెండున్నర, పదిహేడున్నర. గెలీలియో చూపించిన బేసి సంఖ్యల వరస ఇదే. మీరు పైన బొమ్మలు దగ్గర దగ్గరగా, కింద దూరం దూరంగా వేస్తారని విన్నాను. ఎంత దగ్గరో ఎంత దూరమో ఈ వరస చెబుతుంది.

సిరిమాను మాట. ఎత్తు నాలుగింతలైతే పడే కాలం రెండింతలవుతుంది. ఉయ్యాల తాడు నాలుగింతలు పొడుగైతే ఒక ఊగుకు పట్టే కాలమూ రెండింతలే. పెద్ద వస్తువు తీరిగ్గా కదులుతుంది. నీ మాను కొస ఒకసారి ఊగి రావడానికి ఎన్ని ఫ్రేములు ఇచ్చావో చెప్పు.

చంపావతి_గట్టు
సోమవారం, ఉదయం 8.05

మాస్టారూ, 16 ఫ్రేములు. రాస్తుంటేనే తెలిసిపోయింది. యాభై అడుగులు దాటిన మానును పెన్సిల్ ఊగినట్టు ఊపాను.

సాలూరు_నుంచి
సోమవారం, రాత్రి 9.30

నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో పదకొండేళ్లుగా యానిమేటర్‌గా పనిచేస్తున్నాను. మాస్టారు చెప్పింది మా పనిలో రోజూ వాడేదే. కంప్యూటర్లు రాకముందు సినిమాల్లో చిన్న నమూనా కట్టి పెద్ద భవనంలా చూపించాలంటే కెమెరాను సెకనుకు ఎక్కువ ఫ్రేములు తీసేలా వేగంగా నడిపేవారు. నమూనా అసలుకు పదహారో వంతు ఉంటే కెమెరా వేగం నాలుగింతలు. తెర మీద అది నెమ్మదిగా కూలుతుంది, అందుకే పెద్దదిగా కనబడుతుంది.

అయితే చెల్లీ, నెమ్మదిగా కదిపితే మాత్రమే సరిపోదు. మాను అంతా ఒకేసారి కదిలితే ఎంత నెమ్మదిగా కదిపినా కర్రలాగే ఉంటుంది. బండి ముందు కదలాలి. మాను మొదలు బండితోనే వెళుతుంది, కొస ఏడెనిమిది ఫ్రేములు ఆలస్యంగా బయలుదేరాలి. కొసకు కట్టిన పూలదండలు దానికంటే ఆలస్యం. పూజారి పంచె అంచు అందరికంటే ఆఖరు. బండి ఆగినప్పుడూ ఇదే వరస, ముందు చక్రం, ఆఖర్న పంచె. డిస్నీ కళాకారులు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో అచ్చువేసిన పన్నెండు యానిమేషన్ సూత్రాల్లో ఇదొకటి. పేరు తెలియకపోయినా నువ్వు కొబ్బరికాయ చివరి ఊగులో దాన్ని పట్టేశావు.

ఒక చిన్న పని చెబుతాను. రంగులు, కోట, జనం అన్నీ దాచేసి, మానును ఒక్క గీతగా, కొసను ఒక్క చుక్కగా పెట్టి ఆడించు. ఆ చుక్క నడిచే దారి చూడు. అది ఒంపుగా, తెగకుండా ఉండాలి. చుక్కలో బరువు కనబడేదాకా మాను మీద గీత వెయ్యకు.

రెండర్ విషయం: ఎప్పుడూ నేరుగా వీడియోగా తీయకు. ఒక్కో ఫ్రేమూ విడి బొమ్మగా, పీఎన్‌జీ ఫైళ్లుగా తీసి తర్వాత కలుపుకో. కరెంటు 130వ ఫ్రేము దగ్గర పోతే 129 భద్రంగా ఉంటాయి, 130 నుంచి మళ్లీ మొదలు. ఈ మాట తరగతిలో మొదటి రోజే చెప్పాలి. నాకూ ఎవరూ చెప్పలేదు, నేనూ ఒక రాత్రి పోగొట్టుకునే నేర్చుకున్నాను.

నాగావళి_తీరం తమ్ముడికి: ఆగవద్దు. 4 జీబీతో త్రీడీ కష్టం గాని, క్రిటా, పెన్సిల్2డీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో చేత్తో గీసే యానిమేషన్ హాయిగా చేయవచ్చు. అదీ కుదరకపోతే నోటుపుస్తకం మూలల్లో గీసి పేజీలు ఆడించు, బంతి పాఠానికి అదే చాలు. డబ్బు కూడాక బ్లెండర్‌కు రావచ్చు, అదీ ఉచితమే. ఉచితం కదా అని చిన్నచూపు వద్దు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ‘ఫ్లో’ను బ్లెండర్‌లోనే తీశారు.

మూడు_లాంతర్లు
మంగళవారం, ఉదయం 7.10

అమ్మా, నాకు డెబ్బై దాటాయి. ఈ కంప్యూటర్ సంగతులు నాకు తెలియవు. సిరిమాను గురించి అయితే చెప్పగలను, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చూస్తున్నాను.

హైదరాబాద్ అబ్బాయి చెప్పింది నిజం. బండి ఆగినా కొస ఆగదు. జనం గుండె ఒక్కసారి ఆగేది అక్కడే. దసరా తర్వాత వచ్చే మంగళవారం నాడు ఆ చింతమాను గుడి దగ్గర నుంచి కోటకు మూడుసార్లు వెళ్లి వస్తుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల వెళతాయి. మానొక్కటే వేస్తే అది ఏ ఊరి పండగో తెలియదు, కనీసం వల అయినా పెట్టు. జనం అరటిపళ్లు పైకి విసురుతారు. అవి పైదాకా వెళ్లి, ఒక్క క్షణం నిలిచి, తిరిగి పడతాయి. మాస్టారి లెక్క వాటికీ పనికొస్తుందనుకుంటాను.

ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. అమ్మవారి పండగను బొమ్మల్లో చూపేటప్పుడు పూజారిని నవ్వు పుట్టించేలా వేయలేదు కదా? ఆ రోజున ఆ ఆసనంలో కూర్చున్న మనిషిని మేము అమ్మవారిగానే చూస్తాం.

చంపావతి_గట్టు
మంగళవారం, ఉదయం 9.00

తాతగారూ, అలా వేయలేదండి. ముఖం అసలు చూపలేదు. నేను చిన్నప్పుడు నాన్న భుజాల మీద నుంచి చూసినంతే చూపాను: కింద తలలు, పైన ఆకాశం, మధ్యలో ఆ మాను. అరటిపండు పైన ఒక్క క్షణం నిలుస్తుందన్నారే, అది తప్పకుండా పెడతాను. వల కూడా పెడతాను, గుడ్డ కదలిక నాకింకా రాదు, నేర్చుకుంటాను.

ఇద్దరు_పిల్లల_తల్లి
మంగళవారం, మధ్యాహ్నం 2.45

ఈ చర్చ మా పెద్దవాడు చూపించాడు. వాడికీ ఇదే పిచ్చి. మాది మధ్యతరగతి కుటుంబం, దాచకుండా అడుగుతాను. ఇది చదివితే బతుకుతెరువు ఉంటుందా? ఇప్పుడు ఒక వాక్యం రాస్తే కంప్యూటరే వీడియో చేసి ఇస్తోందని అంటున్నారు. అలాంటప్పుడు పిల్లాడు నాలుగేళ్లు ఇందులో పెట్టడం ఎందుకని భయంగా ఉంది.

సాలూరు_నుంచి
మంగళవారం, రాత్రి 10.20

అమ్మా, మీ భయం న్యాయమైనదే, మా అమ్మా ఇలాగే భయపడింది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మొదట్లో జీతం తక్కువ. చేరగానే బొమ్మలు కదిపే పని ఇవ్వరు. ఫ్రేము ఫ్రేముకూ మనిషి అంచులు కత్తిరించడం, గీతలు శుభ్రం చేయడం, ఇలాంటివి చేయాలి. కంప్యూటర్ ముందుగా లాక్కుంటున్నదీ ఆ పనులనే. కాబట్టి సాఫ్ట్‌వేరు బొత్తాలు మాత్రమే నేర్చుకుంటే కష్టమే. మా దర్శకుడు "ఆ మనిషి రెండు ఫ్రేములు ఆగి తల తిప్పాలి" అంటాడు. ఎందుకు రెండో, అవి ఎక్కడ పెట్టాలో తెలిసినవాడికి పని ఉంది.

మీ వాడిని ఏదో ఒక ప్రైవేటు కోర్సులో లక్షలు కట్టి చేర్పించే ముందు, ఇంట్లోనే ఆరు నెలలు బంతి, నడక, బరువు ఎత్తడం, ఈ మూడూ చేయించండి. విసుగు లేకుండా చేస్తే చదివించండి. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్.ఐ.డి.లో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, ప్రవేశపరీక్ష కఠినం. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఏ. అనే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు పట్టా కంటే ముందు చూసేది ఒక నిమిషం నిడివి ఉన్న పని. నేనైతే చంపావతి_గట్టు అమ్మమ్మ నడక ఒక్కటి చూసి మాట్లాడటానికి పిలుస్తాను.

గొంతు_అరువు
బుధవారం, ఉదయం 11.15

నేను పిల్లల కార్టూన్లకు తెలుగులో గొంతు ఇస్తాను. మీ మూడో ప్రాజెక్టు మాట ఎవరూ పట్టించుకోలేదు, నేను చెబుతాను.

ఇంగ్లిషు పట్టిక తెలుగుకు ఎందుకు అతకదంటే, మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. మాట అయిపోయినా నోరు తెరిచే ఉంటుంది. మీరు ప్రతి మాట చివరా పెదవులు మూసి ఉంటారు. రెండోది ఒత్తు. "ఆమె" అన్నప్పుడు పెదవులు రెండు ఫ్రేములు కలిస్తే చాలు. "అమ్మ" అన్నప్పుడు నాలుగైదు ఫ్రేములు మూసి ఉంచాలి. ఆ ఒత్తును కోసేస్తే అది మన అమ్మ కాదు.

అన్నిటికంటే ముఖ్యం సున్న. "గంప దించు" అని అద్దం ముందు అనండి. రెండు మాటల్లోనూ రాతలో సున్న ఒక్కటే. గంపలో పెదవులు మూసుకుంటాయి, పక్కన ప ఉంది కాబట్టి. దించులో మూసుకోవు. అక్షరం చూసి గీస్తే తప్పు, నోరు చూసి గీయాలి. ఇంకా ఒకటి: పెదవి కదలికను శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందు పెట్టండి. సరిగ్గా ఒకే ఫ్రేములో పెడితే ఆలస్యమైనట్టు అనిపిస్తుంది.

నాగావళి_తీరం
బుధవారం, సాయంత్రం 6.30

మా తాతయ్య తప్పెటగుళ్లు ఆడేవాడు. రేకు తప్పెట గుండెకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఎగిరేవాడు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఎగరలేడు. నా మొదటి బొమ్మ ఆయనే. కాగితం మీద 24 బొమ్మలు గీశాను. ఎగిరేముందు మోకాళ్లు వంగి ఒళ్లు కిందికి దిగే బొమ్మలు నాలుగు పెట్టమని తాతయ్యే చెప్పాడు, "దిగనివాడు ఎగరలేడు" అన్నాడు. గజ్జెలు పాదం కంటే ఆలస్యంగా పడాలా, సాలూరు అన్నయ్యా?

సాలూరు_నుంచి
బుధవారం, రాత్రి 9.50

అవును తమ్ముడూ, పాదం ఆగిన రెండు ఫ్రేముల తర్వాత గజ్జె ఆగాలి. మీ తాతగారికి నా నమస్కారం చెప్పు.

చంపావతి_గట్టు
శనివారం, రాత్రి 8.30

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాలుగు రోజులు మానును గీతగా, కొసను చుక్కగా పెట్టుకుని కూర్చున్నాను. ఊగు 16 ఫ్రేముల నుంచి 24కు, తర్వాత 48కి, చివరికి 70 దాకా పెంచాను. 70 దగ్గర మా తమ్ముడు వెనక నుంచి వెళుతూ తెర మీద ఒట్టి గీతను చూసి "సిరిమానా?" అన్నాడు. అప్పటికి కోట లేదు, జనం లేరు. కొస ఎనిమిది ఫ్రేములు ఆలస్యం చేశాను. అరటిపళ్లు మూడు విసిరాను. పైకి వెళ్లేటప్పుడు మాస్టారి వరస తిరగేసి వేశాను, 7, 5, 3, 1. పైన నిజంగానే ఒక క్షణం నిలుస్తున్నాయి. రెండర్ విడి బొమ్మలుగా పెట్టాను. నిన్న రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది, ఒక్క ఫ్రేము కూడా పోలేదు.

మూడో ప్రాజెక్టు కూడా మళ్లీ మొదలుపెట్టాను. అమ్మమ్మ నడిచి వచ్చి "అమ్మా, గంప దించు" అంటుంది, అంతే. అద్దం ముందు వందసార్లు అని ఉంటాను.

ఈ ఉదయం నడకను అమ్మమ్మకు చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని రెండుసార్లు చూసింది. బాగుందని గాని బాగాలేదని గాని అనలేదు. "గంపలో ఏమున్నాయి?" అని అడిగింది. నేను గంప మాత్రమే గీశాను, లోపల ఏమీ వేయలేదు. "ఇది తోటకూర కట్టల నడక. వంకాయలైతే ఇంత సులువుగా మలుపు తిరగలేను, ముందు ఆగి, పాదాలు తిప్పుకుని, అప్పుడు ఒళ్లు తిప్పుతాను" అని లేచి, గంప లేకుండానే వాకిట్లో తిరిగి చూపించింది. ఆగడానికి ఆరు ఫ్రేములు, పాదాలకు పది. రేపు వంకాయలతో మళ్లీ తీస్తాను.